రెండు ఛాయాచిత్రాల నడుమ ఒక మూగజీవి

జడలు కట్టిన బొచ్చు తొలగిస్తే తీరేది సగం బాధే. వదిలివేసిన యజమానికి మొదటి తప్పునకు చట్టం విధించే జరిమానా రూ. 50కి మించదు

న్యూఢిల్లీ: ఒక ఛాయాచిత్రంలో బురదముద్దను తలపించే ఆకారం కనిపిస్తుంది. తల ఏదో, తోక ఏదో తెలియదు. కళ్లు ఉన్నాయో లేవో చెప్పలేము. పక్కనే ఉన్న మరొక ఛాయాచిత్రంలో పొట్టి బొచ్చుతో, తేట కళ్లతో, నాలుక బయటపెట్టి చూస్తున్న చిన్న కుక్క ఉంటుంది. రెండూ ఒకే జీవివని చెబితే తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండింటి నడుమ గడచినవి కొన్ని గంటలు మాత్రమే. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, చెన్నయ్, హైదరాబాద్ నగరాలలోని జంతు సంరక్షణ కేంద్రాలు ఇటువంటి జంట ఛాయాచిత్రాలను తరచు ప్రజల ముందుంచుతున్నాయి.

వాటిని చూచినవారి మనసు కరుగుతుంది. కొందరు విరాళాలు పంపుతారు. మరికొందరు ఆ కుక్కను తామే పెంచుకుంటామని ముందుకు వస్తారు. సంరక్షణ కేంద్రాలు కోరుకునేది కూడా అదే. అయితే ఆ రెండు బొమ్మల మధ్య జరిగే పని ఎటువంటిది? మొదటి బొమ్మలోని దురవస్థకు కారకులెవరు? రెండవ బొమ్మ తీసిన తరువాత ఆ జీవి గతి ఏమవుతున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఛాయాచిత్రంలో దొరకదు. దేశంలో పెంపుడు జంతువుల వ్యాపారం విస్తరిస్తున్న ఈ రోజులలో వాటిని పరిశీలించవలసిన అవసరం ఉంది.

ఖరీదైన జాతులే వీధిపాలు

ఈ ఛాయాచిత్రాలలో కనిపించే కుక్కలలో ఎక్కువభాగం వీధికుక్కలు కావు. మన ఊరకుక్కకు పొట్టి వెంట్రుకలు. అవి కొంత పెరిగి రాలిపోతాయే తప్ప జడలు కట్టవు. జడలు కట్టేది షిహ్‌ట్జు, ల్హాసా ఆప్సో, పూడిల్ వంటి జాతులకు. వీటి వెంట్రుకలు మనిషి తలవెంట్రుకల వలె పెరుగుతూనే ఉంటాయి. రోజూ కాకపోయినా రెండు మూడు రోజులకు ఒకసారి మొదళ్ల వరకు దువ్వకపోతే ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. నీరు తగిలితే ఆ ముడులు బిగుసుకుపోతాయి. కొన్ని నెలలకు శరీరమంతా కంబళి వంటి అట్ట ఏర్పడుతుంది. పెర్షియన్ పిల్లుల పరిస్థితి కూడా ఇదే.

ల్హాసా ఆప్సో టిబెట్‌లోని బౌద్ధారామాలలో, చలి ప్రదేశంలో పెరిగిన జాతి. దాని పొడవైన బొచ్చు ఆ వాతావరణానికి తగినది. అదే కుక్కను 40 డిగ్రీలు దాటే వేసవిలో మైదాన నగరంలోని మూడవ అంతస్తు వరండాలో కట్టివేస్తే ఆ బొచ్చే శాపమవుతుంది. సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ జాతులకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. లోపలి పొరను ఎప్పటికప్పుడు దువ్వి తీయనిదే గాలి ఆడదు.

కొనేవారికి ఈ విషయాలు తెలియవు, అమ్మేవారు చెప్పరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు బొచ్చు మెత్తగా, దూదిలా ఉంటుంది. ఆరు నెలలు దాటి ఏడాదిలోపు అది రాలి పెద్దకుక్క బొచ్చు వస్తుంది. చిక్కులు మొదలయ్యేది అప్పుడే. ఇంటిల్లిపాదికీ కొత్తదనం తీరిపోయేది కూడా దాదాపు అప్పుడే కావడం గమనార్హం.

ఏ జాతి ఇంటింటా కనిపించాలన్నది చాలాసార్లు తెర నిర్ణయిస్తున్నది. 1994లో విడుదలైన 'హమ్ ఆప్కే హై కౌన్' హిందీ చిత్రంలో తెల్లని స్పిట్జ్ కుక్క ప్రేక్షకులను ఆకట్టుకున్నది. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ వాణిజ్య ప్రకటనలో చిన్న బాలుని వెంట నడచిన పగ్ దేశమంతటా పరిచయమైంది. ఆ తరువాత పగ్ పిల్లలకు గిరాకీ ఎంతగా పెరిగిందో పట్టణాలలో నివసించేవారికి గుర్తుండే ఉంటుంది. ముక్కు అణగి ఉన్న ఆ జాతికి మన ఎండలలో ఊపిరి తీసుకోవడమే కష్టమని పశువైద్యులు చెబుతూనే ఉన్నారు.

గిరాకీ ఉన్నచోట ఉత్పత్తి ఉంటుంది. ఇరుకు గదులలో ఆడకుక్కలను ఉంచి ఈత వెంట ఈత పిల్లలను తీయించి అమ్మేవారు అనేక నగరాలలో ఉన్నారు. ఈతలు ఉడిగిన తల్లికుక్కలకు మార్కెట్లో విలువ ఉండదు. ఒక రాత్రి వాటిని వాహనంలో తెచ్చి ఊరి వెలుపల దింపిపోతారు. పాలు ఎండి వేలాడే పొదుగు, అట్టకట్టిన బొచ్చు, పాదంలోకి వంకర తిరిగి గుచ్చుకున్న గోళ్లు... ఈ మూడూ కనిపిస్తే ఆ కుక్క ఎక్కడ నుంచి వచ్చిందో సంరక్షకులకు వేరే చెప్పనవసరం లేదు.

వదంతులు, సర్క్యులర్లు కూడా కారణమే

భయం కూడా కుక్కలను వీధికి నెడుతున్నది. 2020 మార్చిలో కొవిడ్ వ్యాపించిన తొలి రోజులలో పెంపుడు జంతువుల వల్ల వ్యాధి సోకుతుందన్న వదంతి బయలుదేరింది. అటువంటి ఆధారం లేదని, జంతువులను వదిలివేయరాదని భారత జంతు సంక్షేమ మండలి ప్రకటన చేయవలసి వచ్చింది. తరువాతి నెలలలో పరిస్థితి తలకిందులైంది. ఇంటి వద్దనే ఉండి పనిచేసిన కుటుంబాలు తోడు కోసం కుక్కపిల్లలను కొన్నాయి. కార్యాలయాలు తెరచిన పిదప వాటిలో కొన్ని ఒంటరి అయ్యాయి.

2024 మార్చిలో 'ప్రమాదకరమైనవి'గా పేర్కొంటూ 23 జాతుల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకాలను నిలిపివేయాలని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితులతో సంప్రదించలేదన్న కారణంపై కర్ణాటక హైకోర్టు అదే సంవత్సరం ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది. జాతి పేరు మీద నిషేధం వార్త వినవచ్చిన ప్రతిసారీ, ఆ జాతి కుక్కలను వదిలించుకోవాలని తొందరపడే యజమానులు ఉంటారన్నది సంరక్షణ కేంద్రాల అనుభవం.

కత్తెర కాదు, ఓర్పు కావాలి

మొదటి ఛాయాచిత్రం తీసిన వెంటనే స్నానం చేయిస్తారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తడిసిన ముడి మరింత బిగుస్తుంది. తడి చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండిపోయి పుండ్లకు దారి తీస్తుంది. అందువల్ల బొచ్చు తీసివేసిన తరువాతనే స్నానం.

కత్తెర వాడటం అంతకంటె ప్రమాదకరం. ముడిని పట్టి లాగినప్పుడు కింది చర్మం గుడారంలా పైకి లేస్తుంది. కుక్క చర్మం వదులుగా, పలుచగా ఉంటుంది. ఏది బొచ్చో ఏది చర్మమో తెలియక కోసివేసిన గాయాలకు కుట్లు వేయవలసివచ్చిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు. విద్యుత్తుతో పనిచేసే క్లిప్పర్‌ను చర్మానికి సమాంతరంగా ఉంచి, ముడికి చర్మానికి నడుమ ఉన్న సన్నని సందులో నెమ్మదిగా నడపడమే సరైన పద్ధతి. పళ్లు దగ్గరగా ఉన్న పది నంబరు బ్లేడును సాధారణంగా వాడతారు. కొంతసేపు నడచిన బ్లేడు వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది కనుక మధ్య మధ్య ఆపి తాకి చూడాలి. ఒక్కొక్కసారి బొచ్చంతా గొర్రె ఉన్ని వలె ఒకే ముక్కగా ఊడివస్తుంది.

ఆ అట్ట కింద ఏముంటుందో ముందుగా ఊహించడం కష్టం. గాలి తగలని చర్మం నాని ఎర్రబారి ఉంటుంది. మూత్రం, మలం అంటుకున్నచోట ఈగలు గుడ్లు పెడతాయి. వానకాలంలో ఆ గుడ్లు ఒకటి రెండు రోజులలోనే పురుగులై మాంసాన్ని తింటాయి. చెవులలో, వేళ్ల సందులలో గోమార్లు గుంపులుగా ఉంటాయి. వాటి ద్వారా ఎర్లికియా, బబీసియా అనే సూక్ష్మజీవులు రక్తంలో చేరి జ్వరం, రక్తహీనత కలిగిస్తాయి. ఆరుబయట కట్టివేసిన కుక్కల మెడలో, చిన్ననాడు వేసిన తాడు పెరిగిన కండలోకి దిగబడి ఉండటం కూడా కద్దు.

అందుచేత తీవ్రమైన కేసులలో ఇది మంగలి పని కాదు, వైద్యం. పశువైద్యుడు రక్తపరీక్ష జరిపి, గుండె, ఊపిరి చూచి, మత్తు ఇచ్చిన తరువాతనే పని మొదలుపెడతారు. బాధలో ఉన్న కుక్క కరవడానికి వస్తుంది. అది దాని తప్పు కాదు. ఈ పని చేసేవారు రేబిస్ టీకాను ముందుగానే వేయించుకోవాలి. తామర వంటి కొన్ని చర్మవ్యాధులు జంతువు నుంచి మనిషికి సోకుతాయి కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి.

మరొక విచిత్రమైన ప్రమాదం చెవుల విషయంలో ఉంది. నెలల తరబడి ముడుల బరువుతో వేలాడిన చెవులను హఠాత్తుగా తేలికపరచితే రక్తప్రసారం ఒక్కసారిగా పెరుగుతుంది. కుక్క తల విదిలిస్తుంది. చెవిడొప్పలో రక్తం నిండి ఉబ్బుతుంది. అనుభవజ్ఞులు దీనిని ముందే గుర్తించి బొచ్చు తీసిన వెంటనే చెవులను తలకు ఆనించి కట్టు కడతారు.

స్నానానికి మనుషుల షాంపూ పనికిరాదు. కుక్క చర్మపు ఆమ్లత్వం మన చర్మం కంటె తక్కువ కావడం దీనికి కారణం. గోమార్లు పోతాయని కిరసనాయిలు, ఫినాయిల్ రాయడం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉన్న అలవాటు. అవి చర్మాన్ని కాల్చడమే కాక, నాకినప్పుడు కడుపులోకి చేరతాయి. పిల్లులకు ఫినాల్ ప్రాణాంతకం. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే మూర్ఛలు వచ్చి చనిపోయే ప్రమాదం ఉంది.

ఇంత శ్రమ తరువాత కుక్క లేచి నిలబడి ఒళ్లు విదుల్చుకుంటుంది. రెండవ ఛాయాచిత్రం తీసేది అప్పుడు.

వ్యాపారం ఒకవైపు, విరాళం మరొకవైపు

ఇరవై ఏళ్ల క్రితం కుక్కకు క్షౌరం చేయించడం దేశంలో కొద్దిమంది సంపన్నుల వేడుక. నేడు మహానగరాలలో దాదాపు ప్రతి పెద్ద పేటలోనూ ఇందుకోసం దుకాణం ఉంది. ఇంటికే వచ్చి వాహనంలో స్నానం చేయించి వెళ్లేవారు కూడా ఉన్నారు. ఒక చిన్న కుక్కకు స్నానం, కత్తిరింపు, గోళ్లు తీయడం, చెవులు శుభ్రపరచడం అన్నీ కలిపి సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా అవుతున్నది. ఢిల్లీలో 2008లో ప్రారంభమైన 'హెడ్స్ అప్ ఫర్ టెయిల్స్' వంటి సంస్థలు అనేక నగరాలకు విస్తరించాయి. పెంపుడు జంతువుల ఆహారం తయారుచేసే మార్స్ సంస్థ తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో ఉన్న తన కర్మాగారాన్ని రూ. 500 కోట్లతో విస్తరించనున్నట్లు 2021లో ప్రకటించింది. ఈ రంగం ఎటు పోతున్నదో తెలియడానికి ఈ ఒక్క అంకె చాలు.

పన్నుల విషయంలోనూ ఒక భేదం ఉంది. జంతువుల ఆరోగ్య సంరక్షణకు పశువైద్యశాలలు అందించే సేవలకు వస్తు, సేవల పన్ను నుంచి మినహాయింపు ఉంది. అలంకరణ సేవలకు అది వర్తించదు. జడలు కట్టిన కుక్కకు బొచ్చు తీయడం వైద్యమా, అలంకారమా అన్నది పైకి చిన్న ప్రశ్నగా కనిపించినా, ఆ కుక్కకు మాత్రం సందేహం లేదు.

సంరక్షణ కేంద్రాలలో ఈ పనికి రుసుము లేదు. ఢిల్లీలో డిఫెన్స్ కాలనీ ఫ్లైఓవర్ కింద నడిచే ఫ్రెండికోస్, 1980లో ఏర్పడిన సంజయ్‌గాంధీ జంతు సంరక్షణ కేంద్రం, బెంగళూరులో 1991 నుంచి పనిచేస్తున్న క్యూపా, చెన్నయ్‌లోని బ్లూక్రాస్, హైదరాబాద్‌లో 1992లో శ్రీమతి అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్, విశాఖపట్నంలో 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం వంటివి ప్రధానంగా విరాళాల మీద, స్వచ్ఛంద సేవకుల మీద ఆధారపడినవే. మత్తుమందు, రక్తపరీక్ష, యాంటీబయోటిక్‌లు, వారాల తరబడి ఆహారం కలిపి చూస్తే ఒక్కొక్క జీవికి అయ్యే ఖర్చు దుకాణంలో అయ్యేదానికి అనేక రెట్లు. ఆ ఖర్చును రాబట్టేందుకు వారి చేతిలో ఉన్న ప్రధాన సాధనం ఆ జంట ఛాయాచిత్రమే.

చట్టంలో వెల యాభై రూపాయలు

దేశంలో జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని 11వ సెక్షన్‌లో ఆకలి దప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలివేయడం నేరమని స్పష్టంగా ఉంది. తగినంత ఆహారం, నీరు, వసతి కల్పించకపోవడం, ఎప్పుడూ పొట్టి గొలుసుతో కట్టివేసి ఉంచడం కూడా నేరాలే. శిక్ష మాట వచ్చేసరికి మొదటి తప్పునకు రూ. 10 నుంచి రూ. 50 వరకు జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రూ. 25 నుంచి రూ. 100 వరకు జరిమానా గాని, మూడు నెలల జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. 1960లో యాభై రూపాయలు చిన్న మొత్తం కాదు. నేడు ఆ డబ్బుతో కుక్కకు సబ్బు కూడా రాదు.

ఈ మొత్తాలను పెంచాలన్న డిమాండ్ పాతదే. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. అంతకు ముందు 2014 మే 7న జల్లికట్టు కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఆకలి దప్పుల నుంచి, బాధ నుంచి, భయం నుంచి విముక్తి సహా జంతువులకు ఐదు స్వేచ్ఛలను గుర్తించింది. శిక్షలు సరిపోవడం లేదని కూడా వ్యాఖ్యానించింది. రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అంటున్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే వదిలివేయడం నేరుగా దాని పరిధిలోకి రాదు.

అమ్మకాలకు కూడా నియమాలు ఉన్నాయి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమావళి ప్రకారం పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. అమ్మే కుక్కకు చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాలి. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు వేరుగా నియమాలు వచ్చాయి. చిప్ నియమం సక్రమంగా అమలైతే వీధిలో దొరికిన కుక్క మెడ మీద యంత్రం ఆనించగానే దాని యజమాని ఎవరో తెలిసిపోవాలి. దొరికిన కుక్కలలో ఎన్నింటికి చిప్ ఉంటున్నదో సంరక్షణ కేంద్రాల సిబ్బందిని అడిగితే వారు నవ్వి ఊరుకుంటారు.

పొరుగు దేశాల పరిస్థితి దీనికి భిన్నంగా లేదు. బంగ్లాదేశ్ 1920 నాటి బ్రిటిష్ కాలపు చట్టం స్థానంలో 2019లో కొత్త జంతు సంక్షేమ చట్టం తెచ్చింది. పాకిస్తాన్‌కు 1890 నాటి చట్టం, శ్రీలంకకు 1907 నాటి ఆర్డినెన్సు వలస పాలన నుంచి సంక్రమించాయి. నేపాల్‌లో తీహార్ పండుగ రెండవ రోజున కుక్కల మెడలో పూలమాల వేసి, నుదుట తిలకం దిద్ది పూజిస్తారు. ఆ మర్నాటి సంగతి వేరు. బ్రిటిష్ చిత్రకారిణి జాన్ సాల్టర్ కాట్మండులో వీధికుక్కల దుస్థితి చూచి చలించి 2003-04లో అక్కడ చికిత్సా కేంద్రం నెలకొల్పారు.

చిత్రకారులకు ఈ రంగంతో సంబంధం ఏర్పడటం అది మొదటిసారి కాదు. 1861లో కలకత్తాలో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించిన కోల్స్‌వర్దీ గ్రాంట్ కూడా వృత్తిరీత్యా చిత్రకారుడే. చూడటం అలవాటైనవారి కంట పడకుండా బాధ దాగదేమో.

బొమ్మ చెప్పేది, దాచేది

'అప్పుడు, ఇప్పుడు' ఛాయాచిత్రాల చరిత్ర కుక్కలతో మొదలు కాలేదు. 1870లలో లండన్‌లో అనాథ బాలుర ఆశ్రమాలు నడిపిన డాక్టర్ బర్నార్డో, చేరినప్పుడు చింపిరి బట్టలతోను, ఆశ్రమంలో శుభ్రమైన దుస్తులతోను పిల్లల ఛాయాచిత్రాలు తీయించి జంటలుగా అమ్మి విరాళాలు సేకరించారు. కొన్నింటిలో పిల్లలను ఉన్నదానికంటె దీనంగా చూపించారన్న ఆరోపణపై 1877లో మధ్యవర్తుల విచారణ జరిగింది. ఆయన మంచిపని కొనసాగవచ్చునన్నారు గాని, ఆ ఛాయాచిత్రాల పద్ధతిని తప్పుపట్టారు. నూటయాభై ఏళ్లు కావస్తున్నా ఆ ప్రశ్న పాతబడలేదు.

రక్షించిన దృశ్యాలకు లక్షలాది ప్రేక్షకులు ఉన్నారని తెలిసిన తరువాత కొందరు జంతువులను తామే ప్రమాదంలో పెట్టి, తామే రక్షించినట్లు చిత్రీకరించి సొమ్ము చేసుకుంటున్నారు. ఆసియాలోని జంతు సంక్షేమ సంస్థల కూటమి ఈ మోసాలపై 2024లో నివేదిక వెలువరించింది. ఎటువంటి సంస్థకు విరాళం ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆ కూటమి వంటివి చెప్పే గుర్తులు సులభమైనవే. జంతువును చూడగానే సాయం చేయక కెమెరా ఎంతసేపు తిరుగుతున్నది, పశువైద్యుడు ఎక్కడైనా కనిపిస్తున్నాడా, సంస్థ చిరునామా, రిజిస్ట్రేషన్ ఉన్నాయా, ఆ జంతువు తరువాత ఏమైందో చెబుతున్నారా అన్నవి గమనించాలి.

నిజాయితీగా తీసిన బొమ్మకు మాత్రం ప్రయోజనం ఉంది. ఛాయాచిత్రం నాణ్యంగా ఉండి, కుక్క నిలబడి నేరుగా కెమెరా వైపు చూస్తుంటే దానిని త్వరగా దత్తు తీసుకుంటున్నారని 2015లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అనుభవజ్ఞులు చెప్పే కిటుకులు కూడా ఇటువంటివే. కెమెరాను కుక్క కళ్ల ఎత్తుకు దించాలి. ఫ్లాష్ వాడక పగటి వెలుగులో తీయాలి. బోను కడ్డీలు అడ్డు రాకూడదు. రెండు బొమ్మలనూ ఒకే చోట, ఒకే దూరం నుంచి తీయాలి. మొదటి బొమ్మ కోసం చికిత్సను ఒక్క నిమిషమైనా ఆపకూడదు.

ఆ మొదటి బొమ్మకు మరొక ఉపయోగం కూడా ఉంది. తేదీతో, పశువైద్యుని ధ్రువపత్రంతో కలిపి ఉంచితే అది పోలీసుల ముందు, కోర్టులో సాక్ష్యమవుతుంది. విరాళం కోసం తీసిన బొమ్మ ఫిర్యాదుకు అక్కరకు వచ్చే అవకాశాన్ని చాలా సంస్థలు వినియోగించుకోవడం లేదు. యాభై రూపాయల జరిమానా కోసం కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారన్నది వారి ప్రశ్న.

ఊరకుక్కకు బొమ్మ ఏదీ?

ఈ బొమ్మల వల్ల ఒక అన్యాయం కూడా జరుగుతున్నది. గంటలో మారిపోయే రూపం పొడవాటి బొచ్చు ఉన్న ఖరీదైన కుక్కకే సాధ్యం. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు. వాటిలో గజ్జి పట్టి వెంట్రుకలు రాలిపోయి, చర్మం ఏనుగు తోలులా మందమైన కుక్కకు కత్తెరతో పని లేదు. మందులు వాడాలి, రెండు మూడు నెలలు ఆగాలి. వెంట్రుకలు మళ్లీ మొలిచిన తరువాత దాని రూపంలో వచ్చే మార్పు ఏ షిహ్‌ట్జు మార్పుకూ తీసిపోదు. కాని అన్నాళ్లు ఎదురుచూచే ప్రేక్షకులు తక్కువ. రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక అమెరికన్ కుటుంబం 2002లో స్థాపించిన 'యానిమల్ ఎయిడ్ అన్‌లిమిటెడ్' ఇటువంటి వీధి జంతువుల చికిత్సనే వీడియోలుగా చూపి ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు పొందడం ఊరట కలిగించే విషయం.

వీధికుక్కల సమస్య సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి తెలిసిందే. ఢిల్లీ పరిసరాలలోని వీధికుక్కలన్నింటినీ ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని 2025 ఆగస్టు 11న ఇచ్చిన ఆదేశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న సవరించింది. రేబిస్ సోకినవి, దూకుడుగా ప్రవర్తించేవి తప్ప మిగిలినవాటిని శస్త్రచికిత్స, టీకా తరువాత పట్టిన చోటనే వదలాలని పేర్కొన్నది. వీధికుక్కలను దత్తు తీసుకోదలచినవారు దరఖాస్తు చేసుకోవచ్చునని, అయితే అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూచే బాధ్యత వారిదేనని కూడా స్పష్టం చేసింది. ఈ చివరి వాక్యం వీధికుక్కలకే కాదు, దుకాణంలో కొన్న కుక్కలకు కూడా వర్తించవలసినది.

మూడవ ఛాయాచిత్రం

రెండవ బొమ్మ చూచి ముగ్ధులై కుక్కను ఇంటికి తెచ్చుకున్నవారు, ఒకప్పుడు దుకాణంలో పిల్లను చూచి ముగ్ధుడైన మొదటి యజమానికి భిన్నంగా ప్రవర్తిస్తారన్న హామీ ఏమిటి? కత్తిరించిన బొచ్చు ఆరు వారాలకు మళ్లీ పెరుగుతుంది. దువ్వెన పట్టే చేయి లేకపోతే అవే ముడులు, అవే పుండ్లు తిరిగి వస్తాయి.

అందుకే బాధ్యత గల సంరక్షణ కేంద్రాలు కుక్కను అప్పగించే ముందు ఇల్లు చూస్తాయి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఊరికి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారు అని అడుగుతాయి. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించిన తరువాతనే ఇస్తాయి. కొన్ని నెలల తరువాత మళ్లీ వచ్చి చూస్తామని కాగితం మీద సంతకం తీసుకుంటాయి. ఇన్ని ప్రశ్నలా అని విసుక్కునేవారు దుకాణానికి పోతారు. అక్కడ అడిగేది ధర ఒక్కటే.

జడలు కట్టకుండా చూచుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు వందల రూపాయల దువ్వెన, రోజుకు పది నిమిషాల ఓపిక చాలు. అవి రెండూ లేనివారు పొడవాటి బొచ్చు గల జాతి జోలికి పోకుండా ఉండటమే ఆ జీవికి చేయగల మేలు. పొట్టి బొచ్చుతో, మన ఎండకు, మన వానకు అలవాటు పడిన ఊరకుక్క పిల్ల ప్రతి సంరక్షణ కేంద్రంలోనూ డబ్బు లేకుండా దొరుకుతుంది.

మొదటి ఛాయాచిత్రం ఒక మనిషి నిర్లక్ష్యానికి సాక్ష్యం. రెండవది మరొక మనిషి శ్రమకు సాక్ష్యం. ఏడాది తరువాత అదే కుక్కను కొత్త ఇంటి గుమ్మంలో తీసిన మూడవ ఛాయాచిత్రం ఒకటి ఉండాలి. అది సాధారణంగా ఎవరూ ప్రచురించరు. అందులో ఆశ్చర్యపరచే మార్పు ఏదీ కనిపించదు మరి. కుక్క శుభ్రంగా ఉంటుంది, అంతే.